ఒకే పోస్టరు కింద రెండు మాయాబజార్లు

ఒకే సినిమాను ఇద్దరు మొదటినుంచి చివరిదాకా చూశారు. అందులో ఫలానా పాట ఉందని ఒకరు, లేదని మరొకరు పోట్లాడుకుంటున్నారు. తీర్పు చెప్పమని మీ దగ్గరకు వస్తే ఏం చేస్తారు? "అదెంత పని! సినిమా మళ్ళీ వేసి చూస్తే సరి" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వేసి చూశాను, తీర్పు కూడా చెప్పాను. తీరా ఆ తీర్పు తప్పని తేలింది. సైన్సు మాస్టారు ప్రయోగం చేసి మరీ తప్పు తీర్పు చెప్పాడంటే అందులో తెలుసుకోవలసింది ఏదో ఉండే ఉంటుంది కదా. ఆ సంగతే మీకు చెబుతాను.

మాది ఆత్రేయపురం. మా బడి కంప్యూటరు గదిలో మూలపడి ఉన్న ఒక పాత కంప్యూటరులో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టాం. ఇటువంటిదాన్ని మీడియా సర్వర్ అంటారు. సర్వర్ అంటే వడ్డించేవాడు. పెళ్ళిలో వంటకాలన్నీ ఒకచోట ఉంటాయి. పంక్తిలో కూర్చున్నవారు అడిగినదాన్ని అడిగినట్టు తెచ్చి వడ్డిస్తారు. అట్లాగే వీడియోలన్నీ ఆ ఒక్క కంప్యూటరులో ఉంటాయి. తరగతి గదిలోని టీవీ ఏది కోరితే దాన్ని పంపుతుంది. అంతేకాదు, ఫైలుకు పేరూ సంవత్సరమూ సరిగా రాసిపెడితే చాలు, ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఆ సినిమా పోస్టరు, నటీనటుల పేర్లు, కథాసంగ్రహం అన్నీ తానే వెతికి తెచ్చి చక్కగా అమరుస్తుంది. ఈ చక్కదనమే నన్ను మోసం చేసింది.

గత సంవత్సరం ఎనిమిదో తరగతివారు 'కెమెరా మాయలు' అని ఒక గోడపత్రిక తయారుచేశారు. ఒక అమ్మాయి 'మాయాబజార్' గురించి రాస్తూ, అందులో గోపికలు యశోద దగ్గరకు వచ్చి చిన్నికృష్ణుడి మీద ఫిర్యాదులు చేసే నృత్యగీతం ఉందనీ, ఆ పాట వాళ్ళ తాతయ్యకు ఎంతో ఇష్టమనీ రాసింది. మగపిల్లలు ఇద్దరు లేచి, "ఆ పాట సినిమాలో లేదండి, మేం బడిలోనే చూశామండి" అన్నారు. సరే, పోస్టరు మీద నొక్కి సినిమా వేశాను. మూడురోజులపాటు ఆఖరి పీరియడులో అందరం చూశాం. ఆ పాట లేదు. "విన్నదాన్ని రాయకూడదమ్మా, పరీక్షించి చూసినదాన్నే రాయాలి" అని హితబోధ చేశాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా తన కలంతోనే ఆ వాక్యాన్ని కొట్టేసింది.

నాలుగోరోజు ఉదయం ఆ అమ్మాయి తాతగారు బడికి వచ్చారు.

"మాస్టారూ, మా మనవరాలు అబద్ధం రాయలేదండి. ఆయ్, ఆ పాట నా కళ్ళతో నేను చూశానండి. టూరింగ్ టాకీసులో, ఒకసారి కాదు, మూడుసార్లు."

"బాబాయిగారూ, మేం సినిమా మొత్తం వేసి చూశామండి. లేదండి."

పెద్దాయన కాసేపు ఆలోచించి, "మీరు చూసింది రంగుల్లోనా అండి?" అని అడిగారు.

"అవునండి."

"నేను చూసినప్పుడు రంగుల్లేవండి" అన్నారు.

చూశారా! 'నువ్వు పరీక్షించినది ఏ నమూనా?' అన్నది ప్రయోగశాలలో నేను మీ అందరినీ అడగవలసిన మొదటి ప్రశ్న. దాన్ని బడి మానేసి అరవై ఏళ్ళయిన రైతు నన్ను అడిగారు. మాయాబజార్ మొదట నలుపు తెలుపులో వచ్చిందని నాకు తెలియక కాదు. రంగు వేశారంటే రంగు మాత్రమే వేశారు, తక్కినదంతా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది అనుకున్నాను. ఆ అనుకోవడమే తప్పు.

కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లీగారి ఛాయాగ్రహణంతో విజయావారు తీసిన మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలయింది. అది నలుపు తెలుపు చిత్రం. యాభై ఏళ్ళు దాటాక హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ దానికి కంప్యూటరు సాయంతో రంగులు వేయించి, శబ్దాన్ని కొత్తగా కూర్చి, తెరను సినిమాస్కోప్‌కు మార్చి, 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేసింది. ఆ రంగుల చిత్రంలో కొన్ని పాటలూ చాలా పద్యాలూ తీసివేశారు. తీసివేసినవాటిలో ఆ గోపికల పాట కూడా ఉంది. అప్పట్లోనే పత్రికల్లో విమర్శకులు ఈ కోతను ఎత్తిచూపారు. నేను రెండు ఫైళ్ళనూ మా సర్వరులో ఒకే ఫోల్డరులో పెట్టాను. జెల్లీఫిన్ రెండింటినీ ఒకే పోస్టరు కింద చేర్చింది. నొక్కినప్పుడల్లా రంగులదాన్నే వేసింది. రెండోది ఉన్న సంగతే నేను మరచిపోయాను; పిల్లలకు అసలు తెలియదు.

సాఫ్ట్‌వేరు అలా ఎందుకు చేసిందో చెప్పాలంటే దాని నియమం తెలియాలి. జెల్లీఫిన్‌లో ప్రతి సినిమాకు ఒక ఫోల్డరు ఉంటుంది. దాని పేరు 'మాయాబజార్ (1957)' అనుకోండి. లోపలి ఫైళ్ళ పేర్లన్నీ సరిగ్గా ఆ పేరుతోనే మొదలై, ఒక ఖాళీ, ఒక చిన్న అడ్డగీత, మరొక ఖాళీ, ఆ తరువాత ఒక చీటీమాట ఉంటే, అవన్నీ ఒకే సినిమాకు చెందిన వేర్వేరు వెర్షన్లని అది గ్రహిస్తుంది. పోస్టరు ఒక్కటే కనిపిస్తుంది. లోపలికి వెళితే ఒక పట్టికలో వెర్షన్లు ఉంటాయి. చీటీమాట 576 పి, 1080 పి వంటి గీతల సంఖ్య అయితే, ఎక్కువ గీతలున్నదాన్ని మొదట పెడుతుంది. మొదట ఉన్నదే మనం నొక్కగానే ఆడుతుంది. గీతలంటే తెలుసు కదా, బొమ్మను పైనుంచి కిందికి ఎన్ని చుక్కల వరుసలుగా విడగొట్టారన్న లెక్క. నా నలుపు తెలుపు ఫైలు 576 గీతలది, రంగులది 1080 గీతలది. కనుక 'మంచిది' రంగులదే అని యంత్రం తేల్చింది. అది తన లెక్క ప్రకారం తప్పేమీ చేయలేదు. దాని దృష్టిలో మంచి అంటే గీతలు ఎక్కువ ఉండటమే. పాట ఉందో లేదో దానికేం తెలుసు?

బ్రాకెట్లోని సంవత్సరాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. 1936లో పి.వి.దాసుగారి దర్శకత్వంలో ఒక మాయాబజార్ వచ్చింది. 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణగారి దర్శకత్వంలో మరొకటి వచ్చింది. దానికీ 1957 నాటి కథకూ సంబంధం లేదు. పేరు ఒకటే అయినా సినిమాలు వేరైతే సంవత్సరం వాటిని విడగొడుతుంది. చిక్కంతా సినిమా ఒకటే అయి, రూపాలు వేరైనప్పుడు వస్తుంది.

ఈ రూపభేదాలు నిజానికి రెండు రకాలు. మా ఊరి పూతరేకులు మీరు తినే ఉంటారు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకే పళ్ళెంలోని చక్కెర పూతరేకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉన్నాయనుకోండి. అది పరిమాణంలో తేడా, రుచి ఒకటే. ఇక చక్కెరది ఒకటి, బెల్లంది ఒకటి ఉన్నాయనుకోండి. కాగితం చుట్టేస్తే పైకి రెండూ ఒకేలా ఉంటాయి, లోపలి సరుకు వేరు. చక్కెర, బెల్లం కలిపేసి 'పూతరేకులు, పెద్దవి' అని మాత్రమే రాసిన పెట్టెను మీ అమ్మగారు కొంటారా? మీడియా సర్వర్లో నేను రాసిన చీటీ సరిగ్గా అటువంటిదే.

ఈ రెండు తేడాలకు తెలుగులో ఎప్పటినుంచో రెండు మాటలున్నాయి: ప్రతి, పాఠం. తాటాకుల కాలంలో ఒక కావ్యాన్ని పదిమంది రాసుకుంటే అవి పది ప్రతులు. ఒక ప్రతిలో దస్తూరి బాగుండవచ్చు, మరొకదానిలో ఆకులు చెదలు తినవచ్చు. అయినా అందులోని పద్యాలు అవే అయితే పాఠం ఒకటే. ఒకచోట పద్యమే మారినా, ఎగిరిపోయినా దాన్ని పాఠాంతరం అంటారు. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులను అనేకం సేకరించి, పండితులచేత ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1829లో అచ్చువేయించాడు. దస్తూరి అందంగా ఉన్న ప్రతినే అసలైనదిగా తీసుకుని తక్కినవి పక్కన పారేసి ఉంటే ఆయన పని సులువయ్యేది. మనకు మాత్రం నష్టం జరిగేది. నా రంగుల ఫైలూ నలుపు తెలుపు ఫైలూ రెండు ప్రతులు కావు, రెండు పాఠాలు. వాటిని ఒకే వరుసలో పెట్టి గీతల సంఖ్యతో కొలవడం తూకంరాయితో పొడవు కొలిచినట్టే.

ప్లెక్స్ అని మరొక మీడియా సర్వర్ సాఫ్ట్‌వేరు ఉంది. వారు 2022లో ఈ తేడాను గుర్తించి, నాణ్యతలో మాత్రమే భేదమున్న ఫైళ్ళను వెర్షన్లనీ, విషయంలోనే భేదమున్నవాటిని ఎడిషన్లనీ విడదీశారు. ఎడిషన్లకు వేర్వేరు పోస్టర్లు వస్తాయి. అయితే ఈ సదుపాయం డబ్బు కట్టినవారికే. జెల్లీఫిన్ ఉచితం. అది కూడా 2018 డిసెంబరులో ఎంబీ అనే సాఫ్ట్‌వేరునుంచి విడిపోయి పుట్టినదే, అంటే అదీ ఒక పాఠాంతరమే అన్నమాట!

సరే, రెండు ఫైళ్ళు చేతిలో ఉన్నాయి. అవి రెండు ప్రతులా, రెండు పాఠాలా అన్నది తెలుసుకోవడం ఎలా? "నిడివి చూస్తే సరి, తక్కువ ఉన్నదానిలో కోత పడినట్టే" అని ఒక కుర్రవాడు వెంటనే అన్నాడు. మంచి ఆలోచనే కాని, అందులో ఒక బోల్తా ఉంది.

సినిమా ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన దేశంలో పాత టీవీ పద్ధతి సెకనుకు 25 బొమ్మలది. సినిమాను ఆ పద్ధతిలోకి మార్చేటప్పుడు చాలాచోట్ల సులువైన దారి పట్టారు: 24 చొప్పున నడవవలసినదాన్ని 25 చొప్పున పరుగెత్తించారు. అప్పుడు మూడు గంటల సినిమా ఎంతసేపు ఆడుతుంది? 180ని 24తో గుణించి 25తో భాగించండి. 172.8 నిమిషాలు, అంటే 172 నిమిషాల 48 సెకన్లు. ఏడు నిమిషాలకు పైగా తగ్గింది. ఒక్క బొమ్మ కూడా పోలేదు! గొంతులు మాత్రం కొంచెం సన్నబడతాయి. 240 హెర్ట్జ్ స్వరం 250 హెర్ట్జ్‌గా వినిపిస్తుంది. ఎస్వీ రంగారావుగారి గొంతు బాగా తెలిసినవారు పట్టుకోగలరేమో. కనుక నిడివి తగ్గినంత మాత్రాన కోత పడిందని చెప్పలేం.

మరి వేగం పెరిగిందో, ముక్క తెగిందో ఎలా చెప్పాలి? ఇది మీరు ఇంట్లో చేయదగిన ప్రయోగం. రెండు ఫైళ్ళలోనూ తప్పక ఉండే దృశ్యాలు పదో పదిహేనో ఎంచుకోండి. ఒక్కొక్కటి మొదటి ఫైలులో ఎన్నో నిమిషంలో వచ్చింది, రెండోదానిలో ఎన్నో నిమిషంలో వచ్చింది అని పట్టిక వేయండి. మొదటిదాన్ని అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా తీసుకుని గ్రాఫు గీయండి. వేగం మాత్రమే మారితే బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద ఉంటాయి, వాలు మాత్రం కొంచెం తగ్గుతుంది. 50వ నిమిషంలో రావలసింది 48లో, 100వ నిమిషంలో రావలసింది 96లో వస్తుంది. ముక్క తెగితే అలా ఉండదు. తెగినచోటు వచ్చేదాకా రెండూ కలిసి నడుస్తాయి. అక్కడ రేఖ హఠాత్తుగా ఒక మెట్టు దిగుతుంది, ఆ తరువాత మళ్ళీ మునుపటి వాలుతోనే సాగుతుంది. మెట్టు ఎత్తు ఎంతో తెగిన ముక్క నిడివి అంత. రెండూ జరిగి ఉంటే వాలూ మారుతుంది, మెట్టూ కనిపిస్తుంది.

మా ఎనిమిదో తరగతివారు ఆ గ్రాఫు గీశారు. మెట్లు మెట్లుగా వచ్చింది. ఒక మెట్టు దగ్గర నలుపు తెలుపు ఫైలును ఆపి చూస్తే, తెరమీద గోపికలు! తరగతంతా ఒక్కసారి ఆ అమ్మాయివైపు తిరిగింది. త్రికోణమితి చెప్పినప్పుడు ఇంత శ్రద్ధ నేను ఎప్పుడూ చూడలేదు.

రెండు ఫైళ్ళు అచ్చుగుద్దినట్టు ఒకటేనా అని తెలుసుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితపద్ధతి ఒకటుంది. ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తుల వేలిముద్ర తయారుచేస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కాని ఇక్కడ దీని ఉపయోగం తక్కువే. పాఠం ఒకటే అయినా నాణ్యత మారితే వేలిముద్ర మారుతుంది కనుక, ఇది ప్రతులను గుర్తిస్తుందే కాని పాఠాలను గుర్తించదు.

ఇక రంగుల మాట. నలుపు తెలుపు ఫిల్ము వెలుగు ఎంత పడిందో మాత్రమే నమోదు చేస్తుంది; ఏ రంగు వెలుగో నమోదు చేయదు. ఒకసారి పోయిన ఆ సమాచారం తిరిగి రాదు, ఎంత గొప్ప కంప్యూటరు తెచ్చినా రాదు. 2010లో శశిరేఖ చీరకు కనిపిస్తున్న రంగు 1957లో సావిత్రిగారు కట్టుకున్న చీర రంగు అని చెప్పడానికి ఫిల్ములో ఆధారం లేదు. అది 2010లో కళాకారులు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. సెకనుకు 24 చొప్పున మూడు గంటలకు 2,59,200 బొమ్మలు. వాటన్నిటికీ అతకని మరకలు లేకుండా రంగు వేయడం సామాన్యమైన పని కాదు, ఆ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దంటున్నాను, అంతే.

మాకు దగ్గరలోనే పులిదిండి ఉంది. 1967లో బాపుగారి 'సాక్షి' అక్కడే తీశారు. అదీ నలుపు తెలుపే. రేపు ఎవరైనా దానికి రంగులు వేయబోతే గోదావరి నీళ్ళకు ఏ రంగు వేస్తారు? శ్రావణంలో ఎర్రనీరు దిగినప్పుడు ఒక రంగు, వేసవిలో ఇసుకతిన్నెల మధ్య పారేటప్పుడు ఇంకొక రంగు. బూడిదరంగులో చూస్తే రెండింటికీ తేడా తెలియదు. గట్టున పెరిగినవాళ్ళను అడిగితే చెబుతారు. ఫిల్మును అడిగితే చెప్పదు.

గీతల సంఖ్య కూడా అటువంటిదే. 576 గీతల బొమ్మను కంప్యూటరు సాగదీసి 1080 గీతలు చేయగలదు. మధ్యలో చేర్చిన గీతలు దాని ఊహ. తెర కొలత మరొకటి. 1957 నాటి బొమ్మకు ఎత్తు 1 అయితే వెడల్పు సుమారు 1.37. సినిమాస్కోప్ తెరకు వెడల్పు 2.35. పాత బొమ్మతో కొత్త తెరను పక్కలకంటా నింపాలంటే బొమ్మను అడ్డంగా సాగదీయాలి, లేదా పైనా కిందా కత్తిరించాలి. సాగదీయకుండా కత్తిరించి మాత్రమే నింపాలంటే 1.37ను 2.35తో భాగించి చూడండి: ఎత్తులో 58 శాతమే మిగులుతుంది. మిగతా 42 శాతంలో ఏముందో చూసేవాడికి తెలియదు. ఒక కాగితం మీద బొమ్మ గీసి, రెండు పట్టీలతో ఆ మేరకు పైనా కిందా కప్పి చూడండి, తల పోతుందో కాళ్ళు పోతాయో!

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాఠం ఒకటే అయి, గీతలు మాత్రం వేరైన ఫైళ్ళను ఒకే పోస్టరు కింద చేర్చడం సబబే. ఫోనులో చూసేవాడు చిన్నదాన్ని, పెద్ద టీవీలో చూసేవాడు పెద్దదాన్ని ఎంచుకుంటాడు. పాఠాలు వేరైతే మాత్రం పోస్టర్లు కూడా వేరుగా ఉండాలి. పేరులో మొదట ఏం మారిందో రాయాలి, ఎప్పుడు మారిందో రాయాలి, గీతల సంఖ్య ఆ తరువాతే రావాలి. ఇప్పుడు మా సర్వరులో రెండు ఫోల్డర్లున్నాయి. ఒకదానిలో 'మాయాబజార్ (1957) - నలుపు తెలుపు, పూర్తి' అని ఉంది. రెండోదాని పేరు 'మాయాబజార్ (1957) రంగుల కూర్పు 2010, కొన్ని పాటలు లేవు'. పేరు కొంచెం పొడవే. మొదట పెట్టినప్పుడు పోస్టరు కింద పట్టక సగమే కనిపించింది కూడా. పోస్టరు అందంకోసం ఆ మాటలు తీసేయమంటే నేను ఒప్పుకోను.

మా లెక్కల మాస్టారు దీనికి ఒప్పుకోరు. "పిల్లలకు ఇన్ని పోస్టర్లెందుకండీ, గందరగోళం. రంగులది పెడితేనే కూర్చుని చూస్తారు, నలుపు తెలుపుదైతే లేచిపోతారు" అంటారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. మా మగపిల్లలిద్దరూ మాయాబజార్ చూసింది రంగులున్నందువల్లనే. రంగుల కూర్పు అబద్ధపు సినిమా అని నేను అనడం లేదు. అది 2010లో తయారైన సినిమా అంటున్నాను. 1957 పేరు పెట్టుకుని అది సాక్ష్యం చెప్పడానికి వస్తేనే నాకు అభ్యంతరం. ఈ కథలోనే మాయాశశిరేఖ ఉంది కదా. రూపం అచ్చంగా శశిరేఖదే. నడక చూస్తేనే ఘటోత్కచుడని తెలుస్తుంది. పోస్టరు ఎప్పుడూ రూపమే చూపిస్తుంది.

తెలుగులో పేర్లు పెట్టేటప్పుడు ఇంకొక చిక్కు మాకు ఎదురైంది, మీకూ ఎదురవుతుంది కనుక చెబుతాను. ఫోల్డరు పేరు, ఫైలు పేరు రెండింటిలోనూ 'మాయాబజార్' అనే ఉంది, కంటికి అణువంత తేడా లేదు. అయినా సాఫ్ట్‌వేరు రెండూ వేరంది. కారణం ఏమిటంటే, తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు అక్షరం తరువాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య సంకేతం పెడతారు. యూనికోడులో దాని స్థానం 200సి. ఒక పేరు చివర 'ర్' తరువాత అది ఉంది, రెండోదానిలో లేదు. మనం అక్షరాల ఆకారం చూస్తాం. యంత్రం వాటి సంకేతసంఖ్యలు చూస్తుంది. అప్పటినుంచి పేరును రెండోసారి టైపు చేయకుండా మొదటిదాన్నే నకలు తీసి అతికిస్తున్నాం. 'బజారు' అని ఒకరూ 'బజార్' అని మరొకరూ రాసే గొడవ కూడా దీంతో తీరింది.

తమిళ మాయాబజార్‌ను ఎక్కడ పెట్టాలి? 1957 ఏప్రిల్‌లో విడుదలైన ఆ చిత్రం డబ్బింగు కాదు. డబ్బింగైతే బొమ్మ ఒకటే కనుక ఒకే ఫైలులో రెండు శబ్దపు పట్టాలుగా ఉంచవచ్చు. ఇది తెలుగుతోపాటే వేరుగా చిత్రీకరించినది. రామారావుగారు, రంగారావుగారు, సావిత్రిగారు రెండింటిలోనూ ఉన్నారు; అభిమన్యుడు మాత్రం తెలుగులో నాగేశ్వరరావుగారు, తమిళంలో జెమినీ గణేశన్‌గారు. లక్ష్మణకుమారుడు ఇక్కడ రేలంగిగారు, అక్కడ తంగవేలుగారు. దీనికి విడి ఫోల్డరు ఉండవలసిందేనని ఈసారి లెక్కల మాస్టారితో సహా అందరం ఒప్పుకున్నాం.

ఉదయం ప్రార్థన సమావేశంలో నా తీర్పు తప్పని అందరిముందూ చెప్పాను. ఆ అమ్మాయి గోడపత్రికలో కొట్టేసిన వాక్యాన్ని కిందనే మళ్ళీ రాసి, పక్కన '1957 నలుపు తెలుపు పాఠంలో' అని చేర్చింది. ఆ శనివారం సాయంత్రం తాతగారిని బడికి పిలిచి నలుపు తెలుపుదాన్ని మొదటినుంచి వేశాం. గోపికల పాట వచ్చినప్పుడు ఆయన మాట్లాడలేదు. పక్కనున్న మనవరాలి తలమీద చెయ్యి వేశారు. తరువాత పెళ్ళిసందడి దృశ్యం నడుస్తుండగా, "ఇక్కడ ఇంత లేదండి, మా టాకీసులో ఇక్కడ గబుక్కున దూకేసేదండి" అన్నారు.

దానికి కారణం నాకు తెలుసు. టూరింగ్ టాకీసులకు వచ్చేసరికి ఫిల్ము ఊరూరా తిరిగి అరిగిపోయి ఉండేది. మధ్యలో తెగితే ఆపరేటరు పాడైన ముక్క తీసేసి అతికించేవాడు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. ఒక అడుగు పోతే సెకనులో మూడింట రెండు వంతులు పోయినట్టు. పిల్లలకు ఇదంతా వివరించాను. ఆ అమ్మాయి అంతా విని, "అయితే మాస్టారూ, తాతయ్య చూసిందానికి ఏం పేరు పెట్టాలండి?" అని అడిగింది. "అది పాఠం కాదమ్మా, చిరిగిన ప్రతి" అన్నాను. "తాతయ్య మూడుసార్లూ చూసింది అదే కదండీ" అంది.

ఆ ఫోల్డరును ఖాళీగానే తయారుచేసి పెట్టింది. పేరులో సంవత్సరం ఉంది, 'టూరింగ్ టాకీసు' అని ఉంది. గీతల సంఖ్య దగ్గర ఏమీ రాయలేదు.